అన్నవాహిక క్యాన్సర్‌లో మిథైలేషన్: జన్యువు ఆగిపోయిందా, గుర్తు మాత్రమే పడిందా?

మీరు అడిగినవి నాలుగు. ప్రాజెక్టు కోసం చదువుతుంటే పీ16 జన్యువు మిథైలేషన్ (డీఎన్ఏ మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు పడటం) ఒక్కో పేపర్‌లో ఒక్కో శాతం కనిపిస్తోంది, ఏది నమ్మాలి? ట్యూమర్ సప్రెసర్ జన్యువులు (కణితి పెరగకుండా ఆపేవి) ఇలా మూతపడటమే అన్నవాహిక క్యాన్సర్‌కి కారణమా? దీని ఆధారంగా జబ్బుని ముందే పట్టుకోవడం, మందుతో వెనక్కి తిప్పడం కుదురుతుందా? తండ్రికి ఉంటే పిల్లలకు వస్తుందా?

ట్యూమర్ నమూనాల్లో మిథైలేషన్ కొలవడమే చాలా ఏళ్లుగా నా పని. అందుకే మొదటి ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. అది అర్థమైతే మిగతా మూడూ సగం తేలిపోతాయి.

ముందు నా మాట చెప్పేస్తాను. "ఫలానా జన్యువు ఇంత శాతం కేసుల్లో మిథైలేట్ అయింది" అని ఎవరైనా రాస్తే, జన్యువులో ఏ చోట చూశారు, ఏ కణాల్లో చూశారు, ఎలా కొలిచారు, దానివల్ల ఆ జన్యువు నిజంగా ఆగిపోయిందా అన్నవి తెలిసేదాకా ఆ అంకెని పక్కన పెట్టండి. అన్నవాహిక విషయంలో మిథైలేషన్ ఇప్పటిదాకా జబ్బు జాడ చెప్పే గుర్తుగానే బాగా పనికొచ్చింది. మందు గురిపెట్టే లక్ష్యంగా అంత దూరం రాలేదు.

మీకు తెలిసినదే అయినా రెండు ముక్కల్లో నేపథ్యం. డీఎన్ఏలో సైటోసిన్ వెంటనే గ్వానిన్ వచ్చే చోటు సీపీజీ. ఆ సైటోసిన్ 5వ కార్బన్‌కి మిథైల్ గుంపు తగిలించేవి డీఎన్ఎంటీ ఎంజైములు. డీఎన్ఎంటీ3ఏ, 3బీ కొత్త చోట్ల తగిలిస్తాయి. కణం విభజన చెందినప్పుడు పాత పోగు మీది గుర్తుని కొత్త పోగు మీదకి ఎక్కించే పని ప్రధానంగా డీఎన్ఎంటీ1ది. మన జీనోమ్‌లో దాదాపు 2.8 కోట్ల సీపీజీలుంటే వాటిలో 70-80 శాతం ఆరోగ్యంగా ఉన్న కణాల్లోనూ మిథైలేట్ అయ్యే ఉంటాయి. మినహాయింపు, ప్రమోటర్ల (జన్యువుని ఆన్ చేసే స్విచ్చు లాంటి భాగాల) దగ్గర గుంపులుగా ఉండే సీపీజీ ఐలాండ్లు. అవి మామూలుగా ఖాళీగా ఉంటాయి. క్యాన్సర్‌లో ఇది తారుమారవుతుంది. జీనోమ్ మొత్తం మీద మిథైలేషన్ తగ్గుతుంది, కొన్ని ఐలాండ్ల మీద మాత్రం పేరుకుంటుంది. అలా పేరుకున్నచోట మిథైల్ గుంపుని పట్టుకునే ప్రోటీన్లు, వాటి వెనక హిస్టోన్ డీఎసిటైలేజులు అనే ఎంజైములు చేరి క్రొమాటిన్‌ని (డీఎన్ఏ, ప్రోటీన్లు కలిసిన చుట్టని) బిగించేస్తాయి. జన్యువులో ఒక్క అక్షరం మారకుండానే దాని పని ఆగిపోతుంది. ట్యూమర్ సప్రెసర్ పోవాలంటే రెండు కాపీలూ దెబ్బతినాలని నడ్సన్ 1971లో చెప్పిన సిద్ధాంతంలో ఒక దెబ్బ మ్యుటేషనే కానక్కర్లేదని, మిథైలేషన్ కూడా ఆ పని చేయగలదని రెటినోబ్లాస్టోమా (పిల్లల్లో వచ్చే కంటి క్యాన్సర్) జన్యువు విషయంలో 1989లో, పీ16 విషయంలో 1995లో కనబడింది.

అన్నవాహికలో తరచూ వినిపించే పేర్లు: కణ విభజనకి బ్రేకు వేసే పీ16 (జన్యువు పేరు సీడీకేఎన్2ఏ), కణాల్ని ఒకదానికొకటి అంటిపెట్టి ఉంచే ఈ-క్యాడ్‌హెరిన్ (సీడీహెచ్1), కణాన్ని పెరగమనే వింట్ సంకేతాలని అదుపులో పెట్టే ఏపీసీ, 3వ క్రోమోజోమ్ పొట్టి భుజం మీదున్న ఆర్ఏఎస్ఎస్ఎఫ్1ఏ, ఎఫ్‌హెచ్ఐటీ, ఆర్ఏఆర్-బీటా2, డీఎన్ఏ మరమ్మతు చేసే ఎంజీఎంటీ, ఎంఎల్‌హెచ్1. ఈ జాబితా పెంచుకుంటూ పోవడం సులువే. రివ్యూ పేపర్లలో ఎక్కువ భాగం ఆ పనే చేస్తాయి, దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

మీరు పోల్చి చూస్తున్న పేపర్లు ఒకే జబ్బు గురించి రాసినవేనా అన్నది మొదట చూడండి. ప్రపంచం మొత్తం మీద అన్నవాహిక క్యాన్సర్లలో దాదాపు 85 శాతం స్క్వేమస్ సెల్ కార్సినోమాలు (లోపలి పొరలోని చదును కణాల క్యాన్సర్లు). పొగాకు, మద్యం, ఉత్తర ఇరాన్ నుంచి చైనా దాకా సాగే 'ఈసోఫేజియల్ క్యాన్సర్ బెల్ట్' ఇవన్నీ ఈ రకం కథ. యాసిడ్ రిఫ్లక్స్, ఊబకాయం, బారెట్స్ ఈసోఫేగస్ (రిఫ్లక్స్ వల్ల అన్నవాహిక కింది పొర గ్రంథి కణాల పొరగా మారే స్థితి) మీదుగా కింది భాగంలో వచ్చేది అడినోకార్సినోమా. 2017లో టీసీజీఏ (క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ ప్రాజెక్టు) బృందం 164 ట్యూమర్లని పరిశీలించి చెప్పింది సూటిగా ఉంది: స్క్వేమస్ రకం జన్యుపరంగా తల, మెడ భాగాల్లో వచ్చే స్క్వేమస్ క్యాన్సర్లకి దగ్గర, అడినో రకం క్రోమోజోమ్‌లు అస్థిరంగా ఉండే జీర్ణాశయ క్యాన్సర్‌కి దగ్గర. ఐలాండ్ల మీద మిథైలేషన్ పేరుకోవడం కూడా అడినో రకంలోనే ఎక్కువ. రెండింటినీ కలిపి 'అన్నవాహిక క్యాన్సర్‌లో పీ16 ఇంత శాతం' అని రాసిన మెటా అనాలిసిస్‌ని (చాలా పేపర్ల అంకెల్ని కలిపి లెక్కగట్టినదాన్ని) నేనైతే ఉటంకించను.

ఇక పీ16 సంగతి. ఆ లోకస్ (జన్యువు ఉన్న చోటు) కొలిచేవాళ్లని బాగా ఇబ్బంది పెడుతుంది. 9వ క్రోమోజోమ్ మీద 9పీ21 దగ్గర ఒకే లోకస్ నుంచి పీ16, పీ14ఏఆర్ఎఫ్ అనే రెండు వేరు వేరు ప్రోటీన్లు వస్తాయి. వాటి మొదటి ఎక్సాన్లు (జన్యువులో ప్రోటీన్ సమాచారం ఉండే ముక్కలు), ప్రమోటర్లు వేరు. 2వ ఎక్సాన్ ఉమ్మడి. ప్రమోటర్, 1వ ఎక్సాన్ దగ్గర మిథైలేషన్ ఉంటే పీ16 ఆగుతుంది. 2వ ఎక్సాన్‌లో మిథైలేషన్ ఎంత ఉన్నా జన్యువు పనిచేస్తూనే ఉండొచ్చు. పాత పేపర్లలో ప్రైమర్లు (కొలిచే చోటుని ఎంచే చిన్న డీఎన్ఏ ముక్కలు) ఎక్కడ కూర్చున్నాయో మెథడ్స్ భాగంలో వెతికి, జీనోమ్ బ్రౌజర్‌లో పెట్టి చూడండి. ఇంకో చిక్కు ఏమిటంటే, స్క్వేమస్ రకంలో పీ16 చాలాసార్లు మిథైలేషన్‌తో కాదు, ఆ ముక్క మొత్తం డిలీట్ అవడం వల్ల పోతుంది. రెండు కాపీలూ పోయిన ట్యూమర్‌ని పీసీఆర్‌లో (డీఎన్ఏ ముక్కకి కాపీలు పెంచే పద్ధతిలో) పెడితే పెరిగేది నమూనాలో కలిసి ఉన్న మామూలు కణాల డీఎన్ఏ. ఫలితం 'మిథైలేషన్ లేదు' అని వస్తుంది. అసలు జన్యువే లేని ట్యూమర్‌ని మనం ఆరోగ్యంగా ఉన్నవాటి లెక్కలో వేసేస్తాం.

పద్ధతి ఎలా పనిచేస్తుందో దగ్గర్నుంచి చూద్దాం. బైసల్ఫైట్ అనే రసాయనం మిథైల్ గుంపు లేని సైటోసిన్‌ని యురాసిల్‌గా మారుస్తుంది, పీసీఆర్ తర్వాత అది థైమిన్‌గా కనిపిస్తుంది. మిథైల్ గుంపు ఉన్నది చెక్కు చెదరదు. ఏ-సీ-జీ-టీ-సీ-ఏ అనే వరస తీసుకోండి. మిథైలేషన్ లేకపోతే అది ఏ-టీ-జీ-టీ-టీ-ఏ అవుతుంది. సీపీజీ మిథైలేట్ అయి ఉంటే ఏ-సీ-జీ-టీ-టీ-ఏ. తేడా ఒక్క అక్షరం. రెండు సందర్భాల్లోనూ 5వ స్థానంలోని సీ మారింది చూశారా, దాని పక్కన జీ లేదు కాబట్టి అది మారి తీరాలి. మారకపోతే బైసల్ఫైట్ పూర్తిగా పనిచేయలేదని అర్థం. ఆ తనిఖీ చేయని చోట సగం మారిన డీఎన్ఏ కూడా 'మిథైలేటెడ్' ఖాతాలో పడిపోతుంది. ఫార్మలిన్‌లో పెట్టి మైనంలో పోసిన పాత బ్లాకుల డీఎన్ఏ ముందే ముక్కలై ఉంటుంది, బైసల్ఫైట్ దాన్ని ఇంకా ముక్కలు చేస్తుంది. అందుకే అలాంటి బ్లాకుల మీద పొడవైన పీసీఆర్ ముక్కలతో చేసిన పనిని నేను రెండుసార్లు చదువుతాను.

1996లో వచ్చిన ఎంఎస్‌పీ (మిథైలేషన్ స్పెసిఫిక్ పీసీఆర్) పద్ధతి ఈ రంగానికి చాలా మేలు చేసింది, కొంత చెరుపూ చేసింది. మిథైలేటెడ్ వరసకి ఒక జత ప్రైమర్లు, లేనిదానికి ఇంకో జత. జెల్ మీద గీత వస్తే ఉంది, రాకపోతే లేదు. వెయ్యి కాపీల్లో ఒక్కటి మిథైలేట్ అయి ఉన్నా గీత రాగలదు. పీసీఆర్ సైకిల్స్ 30 దగ్గర ఆపినవాళ్లకి ఒక శాతం, 40 దాకా లాగినవాళ్లకి ఇంకో శాతం. మీ పేపర్ల మధ్య తేడాలో పెద్ద వాటా ఇదే అయి ఉంటుందని నా అనుమానం. జెల్ ఫోటోల్లో ట్యూమర్ నమూనాకి రెండు గీతలూ వెలుగుతుండటం చూసే ఉంటారు. 'మిథైలేషన్ లేదు' అనే గీత ఎక్కువగా రక్తనాళాలు, తెల్లకణాలు, ఫైబ్రోబ్లాస్టుల నుంచి వచ్చింది.

పైరోసీక్వెన్సింగ్, ఎరేలు అనే కొత్త పద్ధతులు ఉందా లేదా అని కాకుండా మిథైలేషన్ శాతాన్ని అంకెగా ఇస్తాయి, కానీ ఆ అంకెనీ చదవడం తెలియాలి. ఒక బయాప్సీలో 40 శాతం ట్యూమర్ కణాలు, 60 శాతం మామూలువి అనుకుందాం. ట్యూమర్ కణాలన్నిట్లో పీ16 ఒక కాపీ డిలీట్ అయింది, మిగిలిన ఒక్క కాపీ పూర్తిగా మిథైలేట్ అయింది, అంటే నడ్సన్ చెప్పిన రెండు దెబ్బలూ పడిపోయాయి. వంద కణాలకి లెక్క వేయండి. మిథైలేటెడ్ కాపీలు 40. మామూలు కణాలవి 60 రెట్టింపు, అంటే 120. మొత్తం 160లో 40, అంటే 25 శాతం. జన్యువు వంద శాతం చచ్చిపోయిన ట్యూమర్‌కి మీ మెషిన్ 25 అని చూపిస్తుంది. కటాఫ్ 30 పెట్టుకున్న ల్యాబ్ దాన్ని 'నెగటివ్' అని రాస్తుంది. కణాల వాటా, కాపీల సంఖ్య చెప్పని పేపర్‌లో అంకె ఎంత కచ్చితంగా కనిపించినా నేను తొందరపడను.

పోల్చడానికి తీసుకున్న 'నార్మల్' కూడా చూడాలి. అడినోకార్సినోమా పొడవాటి గ్రంథి కణాల జబ్బు, ఆరోగ్యంగా ఉన్న అన్నవాహిక పొర మాత్రం స్క్వేమస్ కణాలది. పక్కనున్న పొరతో పోల్చితే వేల చోట్ల తేడాలు కనిపిస్తాయి, వాటిలో చాలావరకు క్యాన్సర్‌వి కావు, కణం రకం మారినందువల్ల వచ్చినవి. డిస్‌ప్లేసియా (క్యాన్సర్‌కి ముందు కణాల్లో వచ్చే మార్పు) లేని బారెట్స్ పొరతో, జీర్ణాశయ పైభాగంతో పోల్చితేనే అర్థం ఉంటుంది. స్క్వేమస్ రకంలో దీనికి ఎదురు సమస్య. ఏళ్ల తరబడి పొగ తాగినవాళ్లలో పక్కనున్న 'నార్మల్' పొరలోనూ మిథైలేషన్ పేరుకుని ఉంటుంది, వయసుతోనూ కొంత పెరుగుతుంది. అక్కడ తేడా తక్కువ కనిపించడానికి కారణం నార్మల్ అనుకున్నది నార్మల్ కాకపోవడమే.

సెల్ లైన్ల (ల్యాబ్‌లో తరతరాలుగా పెంచే కణాల) మీద ఒక మాట. కల్చర్‌లో పెరిగే కణాల్లో అసలు ట్యూమర్ కన్నా మిథైలేషన్ ఎక్కువ ఉండటం మామూలే. దాన్ని మించిన సంగతి 2010లో బయటపడింది. అన్నవాహిక అడినోకార్సినోమాకి నమూనాలుగా ఏళ్లపాటు వాడిన ఎస్ఈజీ-1 నిజానికి ఊపిరితిత్తుల క్యాన్సర్ లైన్, బీఐసీ-1 పెద్దపేగుది, ఎస్‌కే-జీటీ-5 జీర్ణాశయానిది. మీ రిఫరెన్సుల్లో ఈ పేర్లు ఉన్న పాత పేపర్లుంటే వాటి ముగింపుల్ని అన్నవాహికకి అంటగట్టకండి. ఇప్పటికీ అంటగడుతున్నవాళ్లున్నారు.

రెండో ప్రశ్న, ఇది కారణమా అన్నది. కొన్ని జన్యువులకి అవును అనే ధైర్యం ఉంది. పీ16 విషయంలో ఆధారాలు గట్టివి: బారెట్స్ దశలోనే, క్యాన్సర్ రాకముందే, ఒక కాపీ పోవడం, రెండోది మిథైలేట్ అవడం కనిపిస్తుంది, ప్రోటీన్ మాయమవుతుంది, మిథైలేషన్ తీసేస్తే జన్యువు తిరిగి లేస్తుంది. కానీ ట్యూమర్‌లో మిథైలేట్ అయ్యే జన్యువుల్లో అత్యధికం మామూలు కణంలోనే పనిచేయనివి. జన్యువుల్ని మూసి ఉంచే పాలీకోంబ్ ప్రోటీన్లు ముందే మూసిపెట్టిన చోట్ల మీద తర్వాత మిథైలేషన్ వచ్చి చేరుతుంది. ముందే తాళం వేసిన ఖాళీ ఇంటికి ఇంకో తాళం వేసినట్టు. ఆ జన్యువుని 'ట్యూమర్ సప్రెసర్' అని పిలవాలంటే మిథైలేషన్, ఆర్ఎన్ఏ తగ్గడం, ప్రోటీన్ తగ్గడం ఒకే రోగి నమూనాలో కలిసి కనబడాలి, తిరిగి తెరిస్తే కణం తీరు మారాలి. కోరిన డీఎన్ఏ వరస దగ్గరికి వెళ్లే డీక్యాస్9కి, మిథైలేషన్ తీసే టెట్1 ఎంజైముని జోడించి ఒక్క ప్రమోటర్ మీదే మిథైలేషన్ తీసే పద్ధతి ఉన్నాక, కణాలన్నిటినీ డెసిటబిన్ అనే మిథైలేషన్ తీసే మందుతో ముంచి 'జన్యువు లేచింది' అని రాయడం సరిపోదు.

ఇందులో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది మిథైలేషన్ మ్యుటేషన్‌గా మారే దారి. టీపీ53 అనే ప్రసిద్ధ ట్యూమర్ సప్రెసర్ సాధారణంగా మిథైలేషన్‌తో మూతపడదు, మ్యుటేషన్‌తో పోతుంది. కానీ ఆ మ్యుటేషన్లు తరచుగా పడే 175, 248, 273 కోడాన్లు (మూడేసి అక్షరాల ముక్కలు) మూడూ సీపీజీ చోట్లే. మిథైల్ సైటోసిన్ తనంతట తాను అమైన్ గుంపు పోగొట్టుకుంటే నేరుగా థైమిన్ అవుతుంది, మరమ్మతు యంత్రాంగానికి అది దొరకడం కష్టం. ఎంజీఎంటీది ఇంకో దారి. అది మూతపడితే గ్వానిన్ మీది ఆల్కైల్ దెబ్బలు మిగిలిపోయి జీ స్థానంలో ఏ వచ్చే మ్యుటేషన్లు పెరుగుతాయి. ఎపిజెనెటిక్స్, జెనెటిక్స్ అని పాఠ్యపుస్తకం గీసిన గీత కణంలో ఎక్కడా ఉండదు.

ముందే పట్టుకోవడం గురించి. ఇక్కడ పని నిజంగా జరిగింది. మింగే క్యాప్సూల్‌లో చిన్న బెలూన్ పెట్టి, కడుపులోకి వెళ్లాక ఉబ్బించి, అన్నవాహిక కింది భాగాన్ని రుద్దుకుంటూ పైకి లాగి, పై భాగం కణాలు అంటుకోకుండా మళ్లీ క్యాప్సూల్‌లోకి ముడిచేసి బయటకి తీసే పరికరం ఉంది. అందులో దొరికిన కణాల్లో వీఐఎం, సీసీఎన్ఏ1 జన్యువుల మిథైలేషన్ చూస్తే బారెట్స్ ఉందో లేదో సుమారు 90 శాతం సెన్సిటివిటీ (ఉన్నవాళ్లని పట్టుకోవడం), అంతే స్పెసిఫిసిటీతో (లేనివాళ్లని లేదని చెప్పడం) తెలుస్తుందని 2018లో ప్రచురించారు. ఈసోగార్డ్ పేరుతో అమెరికాలో వాడుతున్న పరీక్షకి మూలం అది. ఈ రెండు జన్యువులనీ ఎంచుకున్నది అవి ట్యూమర్ సప్రెసర్లని కాదు. వీఐఎం నుంచి వచ్చే వైమెంటిన్ ప్రోటీన్ ఎపిథీలియల్ (లోపలి పొర) కణాల్లో మామూలుగానే ఉండదు, అది మూతపడినా ఆ కణానికి పోయేదేమీ లేదు. గుర్తుగా పనికొస్తే చాలు. మీ ప్రాజెక్టులో 'బయోమార్కర్' (జబ్బు గుర్తు), 'డ్రైవర్' (జబ్బు నడిపేది) అనే రెండు అధ్యాయాలు విడివిడిగా పెట్టమని చెప్పేది ఇందుకే.

బారెట్స్ ఉన్నవాళ్లలో ఎవరికి క్యాన్సర్ వస్తుందో చెప్పడం మరీ కష్టం. పీ16, రన్ఎక్స్3, హెచ్‌పీపీ1 లాంటి వాటితో ప్యానెళ్లు తయారుచేశారు. ఇబ్బంది అంకగణితంలో ఉంది. డిస్‌ప్లేసియా లేని బారెట్స్ నుంచి క్యాన్సర్ వచ్చేది ఏడాదికి అర శాతం లోపే. వెయ్యి మందిలో 3 అనుకుని, 90 శాతం సెన్సిటివిటీ, 90 శాతం స్పెసిఫిసిటీ ఉన్న పరీక్ష పెట్టండి. నిజమైన పాజిటివ్‌లు దాదాపు 3, తప్పుడు పాజిటివ్‌లు దాదాపు 100. ఏయూసీ (పరీక్ష పనితీరుని చెప్పే ఒక అంకె) బాగుందని మురిసిపోయే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. రక్తంలో ఏపీసీ మిథైలేషన్ దొరుకుతుందని, ఎక్కువ ఉన్నవాళ్ల పరిస్థితి అధ్వానంగా ఉంటుందని 2000లోనే అడినోకార్సినోమా రోగుల్లో చూపించారు. కానీ తొలిదశ ట్యూమర్ రక్తంలోకి వదిలే డీఎన్ఏ చాలా తక్కువ. ముందుగా పట్టుకోవాలనుకున్న చోటే అది దొరకదు.

మందు సంగతి. అజాసైటిడిన్‌కి 2004లో, డెసిటబిన్‌కి 2006లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్‌లకి (ఎముక మజ్జలో రక్తకణాలు సరిగ్గా తయారుకాని జబ్బులకి). అన్నవాహిక క్యాన్సర్‌కి ఇవి ప్రామాణిక చికిత్స కాదు. ఇవి డీఎన్ఏలో చేరితేనే పనిచేస్తాయి, అంటే కణం విభజనలో ఉండాలి. రక్తంలో త్వరగా విరిగిపోతాయి. ఆపేస్తే మిథైలేషన్ తిరిగి వస్తుంది. పీ16 ఒక్కదాన్నే తెరవమంటే వినవు, దొరికిన ప్రతిచోటా తీసేస్తాయి. 2015 నాటి పరిశోధనల్లో తేలింది మరీ చిత్రం: ఈ మందులు మన జీనోమ్‌లో నిద్రపోతున్న పాత రెట్రోవైరస్ వరసల్ని లేపి, కణం తనకి వైరస్ సోకిందనుకుని ఇంటర్‌ఫెరాన్ స్పందన మొదలుపెట్టేలా చేస్తాయి. ట్యూమర్ తగ్గినా ఆ ఘనత తెరుచుకున్న సప్రెసర్ జన్యువుది కాకపోవచ్చు. ఇమ్యునోథెరపీతో కలిపి పరీక్షించడానికి ఉన్న తర్కం అదే.

మందు అనగానే గ్రీన్ టీ మాట కూడా వస్తుంటుంది. 2003లో కేవైఎస్ఈ 510 అనే స్క్వేమస్ లైన్‌లో గ్రీన్ టీలోని ఈజీసీజీ అనే పదార్థం వేస్తే పీ16, ఎంఎల్‌హెచ్1 తెరుచుకున్నాయని వచ్చిన పేపరే ఆ ప్రచారానికి మూలం. అక్కడ వాడిన మోతాదు మైక్రోమోలార్లలో పదుల దాకా ఉంది, కప్పులతో తాగి రక్తంలో తెచ్చుకోగలిగేది మామూలుగా ఒక మైక్రోమోలార్ లోపు. పైగా 65 డిగ్రీల సెల్సియస్ దాటిన పానీయాలు క్యాన్సర్ కారకాలు అయ్యే అవకాశం ఎక్కువగా ఉందని ఐఏఆర్‌సీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం) 2016లో వర్గీకరించింది ముఖ్యంగా అన్నవాహిక క్యాన్సర్‌ని చూసే. తాగాలనిపిస్తే చల్లార్చి తాగండి, చికిత్స అనుకుని తాగొద్దు.

పిల్లలకు వస్తుందా అన్నది. ట్యూమర్‌లో కనిపించే మిథైలేషన్ ఆ వ్యక్తి జీవితకాలంలో అన్నవాహిక కణాల్లో పేరుకున్నది. అది వీర్యకణాల్లోకి, అండంలోకి వెళ్లే దారి లేదు. పైగా బీజకణాలు తయారయ్యేటప్పుడు, పిండం తొలి రోజుల్లో పాత గుర్తులు చాలావరకు చెరిగిపోతాయి. వంశపారంపర్యంగా వచ్చే అన్నవాహిక క్యాన్సర్ అరుదుగా ఉంది, అరచేతులు, అరికాళ్లు మందంగా మారే టైలోసిస్ కుటుంబాల్లో, కానీ దానికి మూలం ఆర్‌హెచ్‌బీడీఎఫ్2 జన్యువులో మ్యుటేషన్. కుటుంబం విషయంలో మిథైలేషన్ పరీక్ష పనికొచ్చే సందర్భం ఒకటుంది. ట్యూమర్‌లో మైక్రోశాటిలైట్ అస్థిరత (ఎంఎస్ఐ, డీఎన్ఏ మరమ్మతు చెడినందువల్ల చిన్న పునరావృత వరసల పొడవు మారిపోవడం) ఉండి ఎంఎల్‌హెచ్1 ప్రోటీన్ లేకపోతే (అన్నవాహికలో ఇది అరుదు), ప్రమోటర్ మిథైలేషన్ చూస్తారు. మిథైలేషన్ ఉంటే అది చాలావరకు ఆ ట్యూమర్‌కే పరిమితం. లేకపోతే లించ్ సిండ్రోమ్ (డీఎన్ఏ మరమ్మతు జన్యువుల్లో లోపం వంశపారంపర్యంగా రావడం) అనుమానంతో రక్తం నుంచి జన్యు పరీక్ష చేయించమని జెనెటిక్ కౌన్సెలర్ చెబుతారు. ఆ అస్థిరత ఉన్న రోగికి ఇమ్యునోథెరపీ పనిచేసే అవకాశం కూడా ఎక్కువ కాబట్టి, ఇంట్లో ఎవరికైనా జబ్బు ఉండి అడుగుతున్నట్టయితే ఆంకాలజిస్టుని పీ16 మిథైలేషన్ గురించి కాకుండా ఎంఎస్ఐ, పీడీ-ఎల్1, అడినో రకమైతే హెర్2 రిపోర్టుల (చికిత్స ఎంచుకోవడానికి ట్యూమర్ మీద చేసే పరీక్షల) గురించి అడగండి.